ఓడల్ని ఆపిన ముక్కు

"వాసనేంటి, వాసన? అది రాసినవాడి ముక్కుకి ముందు వైద్యం చేయించుకోమను."

"అతనేం మా ఆఫీసులో బంట్రోతు కాదక్కా, నేను చెప్పగానే చేయించుకోవడానికి. డబ్బు కట్టి రెండు రోజులున్నాడు. పోతూ పోతూ ఫోన్లో ఈ నాలుగు ముక్కలూ రాసి పోయాడు. మళ్లీ చదవనా?"

"అక్కర్లేదు."

అక్కర్లేదన్నా తమ్ముడు చదివాడు. తలుపు తీయగానే నలభై కుక్కలు ఎదురొచ్చినట్టయింది, తీరా చూస్తే ఒక్క కుక్కా లేదు అని రాశాడట ఆ పెద్దమనిషి.

"మీ బావ చూసి సరే అన్న ఇల్లురా ఇది," అంది అక్క. "ఒకసారి ‘మళ్లీ’ అన్నారు. దుప్పట్లన్నీ రెండోసారి ఉతికాను. అప్పుడు ‘సరే’ అన్నారు. ఆ ముక్కు దగ్గర ఓడలు ఆగేవి. రెండు రోజులుండి పోయిన ఈ మారాజుకి అంతకంటే గొప్ప ముక్కుందా?"

వరండాలో అక్కాతమ్ముళ్లు ఇలా వాదులాడుకుంటుంటే, ఇంటి వెనక కుళాయి దగ్గర కుక్కల గిన్నెలు తోముతున్న మనిషి చేతిలో పీచు ఆగిపోయింది. ఆ ముక్కు ఆయనదే. అది పనిచేయడం మానేసి మూడేళ్లయింది. ఈ సంగతి భూమ్మీద ఆయనకి ఒక్కడికే తెలుసు.

రేవులో అందరూ ఆయన్ని ముక్కాయన అనేవాళ్లు. చూడ్డానికి అదేం కోటేరు ముక్కు కాదు. అందరి ముక్కులాంటిదే, కొంచెం ఎడమపక్కకి వాలి ఉంటుంది. ఓడల పొట్టల్లోకి దిగి వాసన చూడటం ఆయన ఉద్యోగం. చేపపొడి మోసుకొచ్చిన ఓడ తిరిగి వెళ్లేటప్పుడు పంచదార ఎక్కించుకుంటానంటుంది. కడిగేశాం అని ఓడవాళ్లు అంటే సరిపోదు, ఎవరో ఒకరు దిగి చూడాలి. ఇనప నిచ్చెన మీద నలభై అడుగులు దిగి, పైన మూత వేయించుకుని, పావుగంట చీకట్లో నిలబడాలి. పరగడుపున దిగాలి, టీ చుక్క కూడా తగలకూడదు. ఒంటికి సబ్బు, తలకి నూనె పనికిరావు. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య, మొగుడు స్నానం ఎగ్గొట్టిన రోజుల్ని బట్టి ఆ నెల ఎన్ని ఓడలొచ్చాయో చెప్పేసేది.

పైకొచ్చాక ఆయన అనేవి రెండే మాటలు. ‘సరే’ అంటే సరుకెక్కేది. ‘మళ్లీ’ అంటే మొత్తం ఇంకోసారి కడగాల్సిందే, మడత నలగని తెల్ల చొక్కా వేసుకున్న కెప్టెన్ కూడా పళ్లు నూరుకుంటూ ఇంకో రెండు రోజులు లంగరేసుకుని కూర్చునేవాడు. జీతం చూస్తే ఎవరికీ చెప్పుకునేంత కాదు. కానీ అంతంత ఇనుము వచ్చి తన ముక్కు చివర ఆగుతోందన్న సంబరం ఉంది చూశారూ, ముప్పై ఒక్క ఏళ్లు ఆయన దాని మీదే బతికాడు. ఇల్లు మాత్రం ఆయన భార్య ఆ జీతం మీదే నడిపింది.

ఆయన రిటైరయ్యే సమయానికి బావమరిది, అంటే ఇప్పుడు వరండాలో ఫోను పట్టుకుని ఊగిపోతున్న తమ్ముడు, రేవు దాటాక వచ్చే మిట్ట మీద ఒక ఇల్లు కొన్నాడు. ఊళ్లో లాడ్జీలు బోలెడున్నా కుక్కని చూడగానే తలుపేసేవి. కుక్కని బిడ్డలా పెంచుకునేవాళ్లకి సెలవులొస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. వాళ్లని పట్టుకున్నాడు బావమరిది. రెండు పడకగదులు, హాలు, వంటిల్లు, సముద్రం వైపు వరండా. ప్రహరీ మీద ఇనప వల, గేటుకి రెండు గొళ్లేలు, గేటు లోపల కుక్కల కాళ్లు కడగడానికి మోకాలెత్తు కుళాయి. హాల్లో కిటికీ కింద కొబ్బరిపీచు పరుపు వేసిన దివాన్. దాని మీద చేరగిలబడితే దూరంగా రేవులో క్రేన్లు మెడలు తిప్పుకోవడం కనిపిస్తుంది. మనుషులు కూర్చుంటారని వేయించిన దివాన్ అది. వచ్చిన ప్రతి కుక్కా, ఏ జాతిదైనా, అది తనకోసమే వేశారని పది నిమిషాల్లో తేల్చుకునేది.

ఇంటిని అక్కాబావలకి అప్పజెప్పాడు. వెనక గదిలో వాళ్ల కాపురం. బుకింగులు తెచ్చే ప్రకటనలో బావమరిది ఒక వాక్యం చెక్కాడు: ముప్పై ఏళ్లు ఓడల్ని పరీక్షించిన ముక్కు మా ప్రతి గదినీ పరీక్షించాకే మీకు తాళం ఇస్తాం. ఆ వాక్యం చదివి ముక్కాయన నాలుగు రోజులు అద్దం చూసుకున్నాడు. ఒక కుటుంబం వెళ్లిన మర్నాడు ఇంకో కుటుంబం దిగేది. మధ్యలో భార్య ఇల్లంతా కడిగి, ఉతికి, ఆరేసి, పరిచేది. తర్వాత కిటికీలన్నీ అరగంట మూసిపెట్టి, ఆయన పరగడుపున, చెప్పులు విడిచి లోపలికెళ్లేవాడు. వరండాలో ఆవిడ కెప్టెన్‌లా కాచుకుని ఉండేది.

మూడేళ్ల కిందట ఆయనకి వారం రోజులు జ్వరం, జలుబు వచ్చి తగ్గాయి. తగ్గిన మూడో రోజున పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. పెరట్లోంచి భార్య పరిగెత్తుకుంటూ వచ్చి, ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే ఏం చేస్తున్నారండీ అని స్టవ్ ఆపింది. పాలు మాడి గిన్నె నల్లబడిపోయింది. ఏదో ఆలోచనలో ఉన్నానన్నాడు. ఆవిడ బయటికెళ్లాక గిన్నె ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. ఉల్లిపాయ కోసి చూశాడు. కళ్లు మండాయి, ముక్కుకి కబురే అందలేదు.

పది రోజుల్లో అదే వస్తుందిలే అనుకుని ఎవరికీ చెప్పలేదు. నెల చూశాడు. ఏడాది చూశాడు. ఏడాదయ్యాక ఎవరికైనా చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడుగుతారు. దానికి జవాబు లేదు గనక ఇంకో రెండేళ్లు దాచాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ప్రతిసారీ సరే అంటూ పోతే ఎవరికైనా అనుమానం రాదా? రేవులో ఆయన మూడు ఓడలకి ఒకదాన్ని వెనక్కి పంపేవాడు. ఆ లెక్కే ఇక్కడా పెట్టాడు. అబద్ధం ఆడేటప్పుడు కూడా పాత నిష్పత్తి తప్పనివ్వలేదు మహానుభావుడు. ప్రతి మూడో కుటుంబం వెళ్లి, కడగడం ఉతకడం అయ్యాక లోపలికెళ్లి, కాసేపు నిలబడి, మొహం చిట్లించుకుని బయటికొచ్చి, "మళ్లీ" అనేవాడు. ఆవిడ నోరెత్తకుండా నాలుగు మంచాల దుప్పట్లూ, గలీబులూ, కర్టెన్లూ లాగి సోడా నీళ్లలో నానేసి ఇంకోసారి బండకేసి బాదేది. వేళ్ల సందులు తెల్లగా పాసిపోయాయి, అరచేతులు పగిలాయి. అన్నం కలుపుకుంటుంటే ఉప్పు తగిలి చెయ్యి విదిలించేది. ఆవిడ చెయ్యి విదిలించినప్పుడల్లా ఆయన తల కంచంలోకి దిగిపోయేది.

మరి ఆవిడ ముక్కేమైందంటారా? ఉండే ఇంటి వాసన ఉండేవాళ్లకి తెలియదని పెళ్లయిన కొత్తలో ఆయనే ఆవిడకి పాఠం చెప్పాడు. ఆవిడ దాన్ని ఎంత శ్రద్ధగా నేర్చుకుందంటే, ఎప్పుడైనా ఏదో వాసన వేసినట్టనిపించినా, నా ముక్కుదేముందిలే, ఆయన సరే అన్నారు కదా అని ఊరుకునేది.

పని పోతుందన్న బెంగ ముక్కాయనకి లేదు. బావమరిది వెళ్లగొట్టే రకం కాదు. ఆయనకి ఒక్కటే భయం. మూడేళ్లలో తను నానేసి బాదిన గుట్టల్లో నాలుగింట ఒక వంతు ఉత్తినే బాదానని ఆవిడకి తెలిసే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు ఆవిడ అరవదు. తన చేతులు తిప్పి చూసుకుంటుంది.

"బావా, ఓసారి ఇలా వస్తావా," అని వరండాలోంచి పిలుపొచ్చింది.

చేతులు తుడుచుకుంటూ వెళ్లాడు. ఇప్పుడే లోపలికెళ్లి చూడు, రాసినవాడిదా తప్పు, మనదా అన్నాడు బావమరిది. టీ తాగేశాను, ఇవాళ ముక్కు పనికిరాదని తప్పించుకోబోయాడు ముక్కాయన. మీరెక్కడ తాగారండీ, చల్లారిపోతోంది అని భార్య నిండు గ్లాసు చూపించింది. ఇక దారి లేదు. కిటికీలు మూశారు, అరగంట గడిచింది, ఆయన లోపలికెళ్లాడు.

హాలు మధ్యలో నిలబడి గట్టిగా పీల్చాడు. అద్దం ముందు నిలబడితే మొహం కనిపించకపోతే ఎలా ఉంటుంది, అలా ఉంది ఆయనకి. అప్పుడిక చేసేది లేక కళ్లు వాడాడు. దివాన్ ఎడమ చివర గుడ్డ అరిగి నూనె పట్టినట్టు మెరుస్తోంది. కుట్టు వెంబడి రకరకాల రంగుల వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. బయటికొచ్చి, "దివాను," అన్నాడు. కొంచెం ఆగి, "ఎడమ పక్క," అన్నాడు.

బావమరిది వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని పరుపులో మొహం పెట్టాడు. వెంటనే దగ్గుకుంటూ బయటికొచ్చాడు. కళ్లనిండా నీళ్లు. "ఎడమ పక్కే," అన్నాడు, గుళ్లోంచి వచ్చినవాడిలా.

భార్య మాత్రం మొగుడి మొహంలోకి చూసింది. "మరి మొన్న సరే అన్నారే?"

"మొన్న గాలి అటువైపు."

కిటికీలన్నీ బిగించిన గదిలో గాలి ఎటు నుంచి ఎటు పోతుందని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి నమిలి ఊసేవాడు. అడక్కపోవడంతో ఆ పూట ఆయనకి అన్నం సయించలేదు.

బావమరిది నడుం కట్టాడు. దివాన్‌ని పరుపుతో సహా బండి మీద వేయించి మిట్ట కింద రోడ్డు మలుపులో పడేయించాడు. గోడలకి కొత్త రంగు, నేలకి నిమ్మకాయ వాసన కొట్టే ఏదో ద్రావకం డబ్బాలకి డబ్బాలు. రేవులో ఉన్న రోజుల్లో అయితే ముక్కాయన దీన్ని దొంగతనమనేవాడు. ఒక ఓడవాడు అడుగున అత్తరు చల్లి మోసం చేయబోతే వాణ్ణి వారం రోజులు కదలనివ్వలేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వద్దంటాడు? కుక్కల గిన్నెలు మెరిసేలా తోమి ఊరుకున్నాడు.

మొదట దిగిన కుటుంబంలో తల్లీతండ్రీ, ఇద్దరు ఆడపిల్లలు, దూడంత కుక్క ఒకటి. పిల్లలు పరుగున ఇంట్లోకి దూరారు. కుక్క గడప దాకా వచ్చి, లోపలికి ముక్కు చాచి, రెండు తుమ్ములు తుమ్మి వెనక్కి తిరిగి గేటు దగ్గర కూలబడింది. బతిమాలారు, బిస్కెట్లు చూపించారు, ఇంటాయన ముందరి కాళ్లు పట్టుకుని లాగాడు. అది కదిలితేనా? గృహప్రవేశానికి సరిగ్గా పిలవలేదని అలిగిన చుట్టంలా మొహం పెట్టుకుని కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నానికి సామాను సర్దేసుకున్నారు. తర్వాత వచ్చిన జంట కుక్కపిల్ల కొత్త రంగు గోడల నాలుగు మూలలూ తడిపింది, అయినా దానికి నమ్మకం కుదరక ఐదో మూల వెతుక్కుంది. మూడో కుక్క రెండు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. యజమానురాలు పక్కన కూర్చుని ఏడ్చింది. మనుషులకి మాత్రం ఇల్లు ఎంత నచ్చిందో. ఎంత శుభ్రం, ఎంత చక్కటి వాసన అని రాశారు. కింద వరసలో, మా కుక్క ఉండనంటోంది, ఇక మళ్లీ రాము అని కూడా రాశారు.

బావమరిది ఫోను పట్టుకుని పాత ముక్కలన్నీ మొదటి నుంచి చదివాడు. మా వాడు ఎక్కడికెళ్లినా తిండి మానేస్తాడు, ఇక్కడ గిన్నె నాకేశాడు. మా ముసల్ది ఇంట్లో కంటే ఇక్కడే హాయిగా నిద్రపోయింది. ఇలాంటివి డెబ్బై దాకా ఉన్నాయి. చదివేకొద్దీ అతని కళ్లు పెద్దవయ్యాయి. ఆదివారం పొద్దున్నే ఆయాసపడుతూ మిట్టెక్కి వచ్చాడు.

అక్కని పిలిచి, బావని కుర్చీలో కూర్చోబెట్టి, తనకి అర్థమైంది చెప్పాడు. కుక్కకి కావలసింది శుభ్రం కాదట. తనకి ముందు ఇంకో కుక్క ఇక్కడ క్షేమంగా పడుకుని వెళ్లిందన్న ఆనవాలట. అది ఎక్కువైతే మనుషులు పారిపోతారు, బొత్తిగా లేకపోతే కుక్కలు రావు. ఇన్నాళ్లూ బావ ఆ రెంటి మధ్యా కొలిచి, చిటికెడు వాసన మిగిల్చి సరే అంటూ వచ్చాడు. ఆ ఒక్కసారి గాలి తిరిగి కొలత తప్పింది, అంతే. దాన్ని పట్టుకుని తను గాడిదలా దివాన్ పారేయించాడు.

"అంత విద్య కడుపులో పెట్టుకుని, గిన్నెలు తోముతూ కూర్చున్నావు బావా," అన్నాడు.

కాదని చెప్పడానికి ముక్కాయన నోరు తెరిచాడు. ఈలోపు భార్య వైపు చూశాడు. ఆవిడ మొహం విచ్చుకుని ఉంది. అలా విచ్చుకోవడం ఆయన చూసి ఎన్నేళ్లయిందో.

"అదా సంగతి. నేనెన్నిసార్లు అనుకున్నానో," అంది ఆవిడ. "బాగా మురికి చేసి పోయినవాళ్ల తర్వాత సరే అనేవారు, అద్దంలా ఉంచి పోయినవాళ్ల తర్వాత మళ్లీ అనేవారు. ఈయనకి మతిపోయిందా అనుకునేదాన్ని. కొలత అన్నమాట. నాతో ఒక్క ముక్క అంటే మీ సొమ్మేం పోయేది? పోనీలెండి. చేతులదేముంది, చేసిన పనికి ఒక అర్థముంది, అది చాలు."

తెరిచిన నోరు ఆయన అలాగే మూసేశాడు. అరిస్తే పడేవాడు. తిడితే ఊరుకునేవాడు. మెచ్చుకుంటే ఏం చేయాలో ఆయనకి పాలుపోలేదు.

బావమరిది అప్పటికే మిట్ట దిగాడు. రోడ్డు మలుపులో దివాన్ ఉంది గానీ ఖాళీగా లేదు. మూడు వీధికుక్కలూ, వాటి మధ్య ఒక రిక్షావాలా నిద్రపోతున్నారు. రిక్షావాలా మర్యాదస్తుడు, లేచి తప్పుకున్నాడు. కుక్కలు ఒప్పుకోలేదు. గంటసేపు బేరాలయ్యాక పరుపు మాత్రం భుజానేసుకుని పైకొచ్చాడు బావమరిది. వెనకాల మూడు కుక్కలూ గేటు దాకా సాగనంపి, అక్కడే కూర్చున్నాయి. లోపలికి రమ్మనేవాళ్లు లేరు. అది కుక్కలకి స్వాగతం చెప్పే ఇల్లే, కాకపోతే బుకింగ్ ఉండాలి.

పరుపు వరండాలో పడింది. సాయంత్రానికి కుటుంబం దిగుతోంది. రెండు కుక్కలట. బావమరిది అరచేతులు రుద్దుకుంటూ, ఇందులో ఇప్పుడు వాసన మూడింతలు ఎక్కువుంటుంది, ఎంత దించాలో నువ్వు చెప్పాలి బావా అన్నాడు. చీకటి పడకుండా ఆరాలంటే ఇప్పుడే తేల్చాలన్నాడు. భార్య లోపలికెళ్లి చీర కుచ్చెళ్లు దోపుకుని, సోడా కలిపిన నీళ్ల బకెట్ పట్టుకుని వచ్చి నిలబడింది. ఆవిడ మొహంలో విసుగన్నది లేదు. కొత్త కోడలికి పని పురమాయిస్తే ఉండే ఉత్సాహం ఉంది.

"చెప్పండి," అంది. "ఎన్నిసార్లు ఉతకను?"

ఒకటి అనొచ్చు. మూడు అనొచ్చు. ఏది అన్నా ఆవిడ నమ్ముతుంది, ఉతుకుతుంది, ఆ పగిలిన చేతుల్ని చూసుకుని ఇక గర్వపడుతుంది కూడా. ముక్కాయన పరుపు మీదికి వంగాడు. మర్యాదకి ఒకసారి పీల్చాడు. నడుం నిమురుకుంటూ లేచి, "ఒక్క నిమిషం," అని, బావమరిది భుజం పట్టుకుని గేటు దాకా నడిపించుకుని వెళ్లాడు. వల అవతల మూడు కుక్కలూ లేచి నిలబడ్డాయి.

అక్కడ చెప్పేశాడు. జ్వరం, మాడిన పాలు, మూడింటికొకటి లెక్క, అన్నీ. కొలతా లేదు, వల్లకాడూ లేదు, నాకు మూడేళ్లుగా ఏ వాసనా తెలియదురా అన్నాడు. బావమరిది మొదట నవ్వాడు. బావ మొహం చూసి ఆపాడు. మరి ఎడమ పక్క అని ఎలా చెప్పావని అడిగాడు. కళ్లున్నాయి కదరా అన్నాడు ముక్కాయన. అయితే కుక్కలు సుఖంగా ఉన్నది నీకు తెలియకుండానే అన్నమాట అన్నాడు అతను, ఇంకా దాన్ని ఎలాగోలా వ్యాపారంలోకి తిప్పుకోవాలని చూస్తూ. అప్పుడు తట్టింది అతనికి. వరండా వైపు తిరిగాడు. అక్కడ అక్క బకెట్ దించకుండానే నిలబడి ఉంది.

"మరి అక్క ఉతికినవన్నీ?" అన్నాడు నెమ్మదిగా.

ముక్కాయన గేటు గొళ్లెం తీశాడు, వేశాడు.

"నువ్వే చెప్పరా దానికి," అన్నాడు చివరికి. "నా వల్ల కాదు. ముక్కు సంగతి ముందు చెప్పు, దుప్పట్ల సంగతి తనే అడుగుతుంది. నేనిక్కడే ఉంటా, ఎక్కడికీ పోను. కానీ ముందు వెళ్లి ఆ బకెట్ మీ అక్క చేతిలోంచి తీసుకో."